ఆరుగురు హెడ్ కోచ్‌లు మారినా నిలిచిన అసిస్టెంట్: డాంటే స్కార్నెకియా కెరీర్ ఎలా సాగింది?

క్లుప్తంగా

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో హెడ్ కోచ్ పోతే అతని కింది అసిస్టెంట్లూ పోవడం రివాజు. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌లో డాంటే స్కార్నెకియా మాత్రం ఆరుగురు హెడ్ కోచ్‌ల కింద 34 సీజన్లు పనిచేశారు. పేరొచ్చింది బంతి విసిరేవాడిని కాపాడే అఫెన్సివ్ లైన్‌కు కోచ్‌గానే అయినా, కెరీర్‌ను నిలబెట్టింది ఏ పని అప్పజెప్పినా చేయగలగడం. ఆయన వల్ల జట్టుకు ఎంత మేలు జరిగిందన్నది మాత్రం సాక్‌ల లెక్కతో, అంటే బంతి విసరకముందే ఎన్నిసార్లు పడగొట్టారన్న లెక్కతో తేలే విషయం కాదు. డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను రౌండ్లవారీగా ఎంచుకునే ప్రక్రియ) వెనకబడ్డ ఆటగాళ్లతో ఆయన కట్టిన లైన్లలోనే దానికి మెరుగైన ఆధారం దొరుకుతుంది.

కొలువు ఎవరి చేతిలో ఉంటుంది?

ఏటా జనవరి వచ్చిందంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక తంతు నడుస్తుంది. రెగ్యులర్ సీజన్ ముగిసీ ముగియగానే కొన్ని జట్లు హెడ్ కోచ్‌లను సాగనంపుతాయి. వార్తల్లో వచ్చేది ఆ ఒక్కరి పేరే. వెనక ఉన్న అసిస్టెంట్లలో చాలామంది కూడా అదే వారం పెట్టేబేడా సర్దుకోవాల్సి వస్తుంది. కొత్తగా వచ్చే హెడ్ కోచ్ తన మనుషులను తనే తెచ్చుకుంటాడు. పాతవాళ్లను ఉంచాలా వద్దా అన్నది పూర్తిగా అతని ఇష్టం.

క్రికెట్ చూసేవాళ్లకు ఇది కొత్తేం కాదు. 2021 టీ20 ప్రపంచకప్ తర్వాత రవిశాస్త్రి దిగిపోగానే బౌలింగ్ కోచ్ భరత్ అరుణ్, ఫీల్డింగ్ కోచ్‌గా ఉన్న మన హైదరాబాద్ ఆటగాడు ఆర్.శ్రీధర్ కూడా బయటికొచ్చారు. బ్యాటింగ్ కోచ్ విక్రమ్ రాథోడ్ మాత్రం ద్రవిడ్ కింద కొనసాగారు. శ్రీధర్ స్థానంలోకి వచ్చిన మరో హైదరాబాదీ టి.దిలీప్, ద్రవిడ్ వెళ్లి గంభీర్ వచ్చాక కూడా నిలిచారు. ఒకరు నిలిచి ఇంకొకరు వెళ్లిపోవడానికి కారణాలు బయటికి పెద్దగా రావు. స్కార్నెకియా కెరీర్‌లో అవి కాస్త స్పష్టంగా కనిపిస్తాయి.

పొజిషన్ కోచ్ అంటే ఒకే రకం ఆటగాళ్ల బాధ్యత చూసేవాడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకు ఒకరు, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లకు ఒకరు, అఫెన్సివ్ లైన్‌కు ఒకరు. అందరి మీదా అఫెన్స్ (దాడి), డిఫెన్స్ (రక్షణ) వంటి విభాగాలు చూసే కోఆర్డినేటర్లు, వాళ్ల మీద హెడ్ కోచ్. వ్యూహం పైనుంచి దిగుతుంది. ఆ వ్యూహాన్ని ఒక ఆటగాడి పాదాల్లోకి, చేతుల్లోకి ఎక్కించే పని పొజిషన్ కోచ్‌ది. మ్యాచ్ గెలిస్తే టీవీలో కనిపించేది క్వార్టర్‌బ్యాక్, ఓడితే మైకు ముందుకొచ్చేది హెడ్ కోచ్. పొజిషన్ కోచ్ పేరు సామాన్య అభిమానికి తెలిసిందంటే, చాలాసార్లు ఏదో బెడిసికొట్టినట్టే లెక్క.

పేట్రియట్స్ లైన్ కంటే ముందు పదిహేడేళ్లు

స్కార్నెకియా 1948లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. 1970లో కాలిఫోర్నియా వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో కోచింగ్ మొదలుపెట్టి, కాలేజీ జట్లు మారుతూ సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీకి చేరారు. అక్కడి హెడ్ కోచ్ రాన్ మేయర్ 1982లో పేట్రియట్స్ పగ్గాలు తీసుకున్నప్పుడు ఈయననూ వెంట తీసుకెళ్లారు. అసిస్టెంట్లు పై మెట్టు ఎక్కే మామూలు దారే ఇది. ప్రతిభ ఒక్కటే చాలదు, మనల్ని నమ్మిన మనిషి పైకి వెళ్లాలి.

1984 సీజన్ మధ్యలో మేయర్‌ను తొలగించారు. కొత్తగా వచ్చిన రేమండ్ బెర్రీ స్కార్నెకియాను ఉంచుకున్నారు. అప్పట్లో ఆయన చూసేది అఫెన్సివ్ లైన్ కాదు, స్పెషల్ టీమ్స్ (కిక్‌లప్పుడు దిగే బృందాలు), టైట్ ఎండ్స్ (లైన్ చివర నిలబడి, బంతి కూడా అందుకునే ఆటగాళ్లు). పేట్రియట్స్ తొలిసారి సూపర్ బౌల్ చేరింది ఆ రోజుల్లోనే. 1986 జనవరిలో జరిగిన ఆ ఫైనల్లో షికాగో బేర్స్ చేతిలో 46-10తో చిత్తయింది. తర్వాత 1989, 1990 సీజన్లకు మళ్లీ మేయర్ పిలుపు మీదే ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కు వెళ్లి, 1991లో పేట్రియట్స్‌కు తిరిగొచ్చారు.

డిక్ మాక్‌ఫెర్సన్ హెడ్ కోచ్‌గా ఉన్న 1992 సీజన్ ఆ జట్టుకు పీడకల. 16 మ్యాచ్‌ల్లో గెలిచింది 2. మధ్యలో మాక్‌ఫెర్సన్ అనారోగ్యంతో తప్పుకుంటే తాత్కాలికంగా జట్టును నడిపింది స్కార్నెకియానే. సీజన్ ముగిశాక మాక్‌ఫెర్సన్ వెళ్లిపోయారు, బిల్ పార్సెల్స్ వచ్చారు. 2-14తో మునిగిన జట్టులో తాత్కాలిక హెడ్ కోచ్‌గా పనిచేసినవాడిని కొత్త దొర ఉంచుకోవడం అరుదు. పార్సెల్స్ ఉంచుకున్నారు. పైగా డిఫెన్స్ వైపు సహాయకుడిగా కూడా వాడుకున్నారు. ఆ తర్వాత పీట్ కారల్ వచ్చినప్పుడు మళ్లీ స్పెషల్ టీమ్స్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పదిహేడు సీజన్లు గడిచాక, 1999లో గానీ పేట్రియట్స్ అఫెన్సివ్ లైన్ పూర్తిగా ఆయన చేతికి రాలేదు. అప్పటికే వయసు 51.

అసలు కీలకం ఇక్కడే ఉంది. ఒకే పొజిషన్‌లో నిపుణుడైన కోచ్‌ను తీసేసి, కొత్త హెడ్ కోచ్ తన నిపుణుడిని పెట్టుకోవడం తేలిక. స్పెషల్ టీమ్స్ తెలిసి, డిఫెన్స్ గదిలో కూర్చుని, టైట్ ఎండ్స్‌కు నేర్పి, లైన్ కూడా చూడగలిగే మనిషికి ఏదో ఒక కుర్చీ ఖాళీగా దొరుకుతుంది. పైగా స్పెషల్ టీమ్స్ కోచ్‌కు జట్టులో దాదాపు ప్రతి గదిలోని ఆటగాళ్లతోనూ పని పడుతుంది. కాబట్టి జట్టు గురించి ఏమీ తెలియని కొత్త హెడ్ కోచ్‌కు అందరి గుణదోషాలూ చెప్పగలిగేది అతనే.

2000లో బిల్ బెలిచిక్ హెడ్ కోచ్ అయ్యారు. కిందటి దశాబ్దంలో పార్సెల్స్ సిబ్బందిగా ఒకే గొడుగు కింద పనిచేసిన పరిచయం ఇద్దరికీ ఉంది. స్కార్నెకియాకు అసిస్టెంట్ హెడ్ కోచ్ హోదా కూడా దక్కింది. మిగతాది చాలామందికి తెలిసిన చరిత్రే: 2001, 2003, 2004 సీజన్లలో టైటిళ్లు, తర్వాత 2016, 2018లో మరో రెండు. ఓడినవి కూడా కలుపుకుంటే పేట్రియట్స్ సిబ్బందిలో ఉండగా ఆయన చూసిన సూపర్ బౌల్స్ 10.

ఐదుగురు ఒక్కడిగా కదలాలి

అఫెన్సివ్ లైన్ అంటే మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ ఇద్దరు గార్డులు, చివరల్లో ఇద్దరు టాకిల్స్. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకున్నాక అతనికి మహా అయితే రెండున్నర, మూడు సెకన్ల సమయం కొనిపెట్టడం వీళ్ల పని. ఆలోపు ఎదుటి జట్టువాడు వచ్చి బంతి విసరకముందే పడగొడితే దాన్ని సాక్ అంటారు. ఐదుగురిలో నలుగురు పాస్ అయి ఒక్కడు ఫెయిలైనా మొత్తం ఫెయిలే. నలుగురి మార్కులు ఎవరికీ అక్కర్లేదు.

కోచ్ పని ఎక్కడ కనిపిస్తుందో చూడాలంటే స్టంట్ అనే ఎత్తుగడ చాలు. డిఫెన్స్ చివర నిలబడ్డవాడు ఉన్నట్టుండి లోపలికి దూసుకొస్తాడు. లోపలివాడు అతని వెనకగా చుట్టుతిరిగి బయటికొస్తాడు. టాకిల్ తన మనిషి వెంట లోపలికి పరిగెత్తితే పక్కనున్న గార్డుకు అడ్డం పడతాడు. ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకుంటారు, బయటి దారి బార్లా తెరుచుకుంటుంది. సరిగ్గా చేయాలంటే టాకిల్ తన చేతి కింద ఉన్నవాడి బరువు పక్కకు జరుగుతోందని పసిగట్టి, అతన్ని గార్డు మీదికి నెట్టి వదిలేసి, కళ్లు వెంటనే రాబోయే రెండోవాడి మీదికి తిప్పాలి. ఇది కుదరాలంటే గార్డు, టాకిల్ ఇద్దరూ వెనక్కి ఒకే లోతున అడుగేసి ఉండాలి. ఒకరు ఒక్క అడుగు ఎక్కువ వెనక్కి వేసినా మనుషుల్ని మార్చుకోవడం కుదరదు. ఇదంతా అర సెకనులో జరగాలి. పుస్తకం చూసి నేర్చుకునేది కాదు. ఒకే అడుగు, ఒకే చేతి దెబ్బ రోజూ అదే పనిగా వేయించి ఒంటికి పట్టించాల్సిందే. స్కార్నెకియాకు పేరొచ్చింది ఇలాంటి విసుగు పుట్టించే పునాది పనిలోనే.

ఆ పనికి ఇప్పుడు దొరికే సమయం బాగా తగ్గింది. 2011లో యాజమాన్యాలు, ఆటగాళ్ల సంఘం మధ్య కుదిరిన ఒప్పందంతో రోజుకు రెండు పూటలా ప్యాడ్స్ కట్టి సాధన చేసే పద్ధతికి తెరపడింది. రెగ్యులర్ సీజన్ మొత్తానికి ప్యాడ్స్‌తో చేసే సాధనలు 14కు మించకూడదన్నారు. ఆటగాళ్ల ఆరోగ్యం దృష్ట్యా మంచి నిర్ణయమే. కానీ ఒకరినొకరు ఢీకొట్టకుండా లైన్ పని నేర్చుకోవడం కష్టం. దానికి తోడు కాలేజీల్లో ఆటగాళ్లను మైదానం అడ్డంగా విస్తరించి ఆడే స్ప్రెడ్ పద్ధతి వ్యాపించాక, నేల మీద చెయ్యి ఆనించి నిలబడే అలవాటే పెద్దగా లేకుండా వస్తున్న కుర్రాళ్లు ఎక్కువయ్యారు. నేర్పాల్సింది పెరిగి, నేర్పే గంటలు తగ్గితే మంచి లైన్ కోచ్ విలువ పెరగడం సహజం.

లెక్కలు చెప్పేది సగమే

2014 జనవరిలో స్కార్నెకియా రిటైర్ అయ్యారు. రెండు సీజన్ల తర్వాత 2016లో వెనక్కి వచ్చి, 2019 సీజన్ దాకా పనిచేసి మళ్లీ తప్పుకున్నారు. మధ్య రెండేళ్లు ఆ స్థానంలో ఉన్నది డేవ్ డిగూలియెల్మో. మనిషి ఉన్నప్పుడు, లేనప్పుడు, తిరిగొచ్చినప్పుడు జట్టు ఎలా ఆడిందో పోల్చే అవకాశం ఇలా అరుదుగా దొరుకుతుంది. అందుకే ఈ రాకపోకల మీద బోలెడు కథనాలు వచ్చాయి.

వాటిలో తరచూ వినిపించే కథ ఇది: 2016 జనవరిలో డెన్వర్‌లో జరిగిన ఏఎఫ్‌సీ ఫైనల్లో (సూపర్ బౌల్‌కు ముందు మెట్టు) పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి దాదాపు 20 దెబ్బలు తగిలాయి, డెన్వర్ ఆటగాడు వాన్ మిల్లర్ ఒక్కడే రెండున్నర సాక్‌లు చేశాడు, జట్టు 20-18తో ఓడింది, డిగూలియెల్మోను తీసేశారు, స్కార్నెకియా వచ్చారు, మరుసటి ఏడాది కప్పు వచ్చింది.

వినడానికి బాగుంది. అయితే బ్రేడీని రెగ్యులర్ సీజన్‌లో ఎన్నిసార్లు పడగొట్టారో వరసగా చూస్తే కథ అంత సాఫీగా నడవదు. స్కార్నెకియా ఉన్న 2013లో 40 సార్లు. ఆయన లేని 2014లో 21. ఆయన లేని 2015లో 38. తిరిగొచ్చాక 2016లో బ్రేడీ ఆడిన 12 మ్యాచ్‌ల్లో 15. 2017లో మళ్లీ 35. 2018లో 21. అంటే ఆయన చేతిలో ఉన్నప్పుడే బాగా చెడ్డ అంకె వచ్చింది. ఆయన లేని ఏడాది మంచి అంకెతో పాటు సియాటిల్ మీద 28-24తో సూపర్ బౌల్ కూడా వచ్చింది.

కారణాలు వెతికితే ప్రతి ఏడాదికీ వేరే ముడి కనిపిస్తుంది. 2013లో రైట్ టాకిల్ సెబాస్టియన్ వోల్మర్ కాలు విరిగింది, బంతి అందుకునే వెస్ వెల్కర్ వేరే జట్టుకు వెళ్లిపోయాడు, టైట్ ఎండ్ గ్రాంకౌస్కీ చాలా మ్యాచ్‌లకు లేడు. బంతి విసరడానికి మనిషి దొరక్కపోతే క్వార్టర్‌బ్యాక్ దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడతాడు, అప్పుడు పడే సాక్ లైన్ ఖాతాలోకి వెళ్తుంది. 2014లో గార్డ్ లోగన్ మాన్‌కిన్స్‌ను సీజన్ ముందు టాంపాకు ఇచ్చేశారు. సెప్టెంబరు చివర్లో కాన్సస్ సిటీ చేతిలో 41-14తో ఓడినప్పుడు లైన్ కకావికలైనట్టే కనిపించింది, తర్వాత నిలదొక్కుకుంది. 2015లో లెఫ్ట్ టాకిల్ నేట్ సోల్డర్ సీజన్ మొదట్లోనే గాయంతో దూరమయ్యాడు. ఆ ఏడాది గాయాల లైన్‌కు ఏ కోచ్ ఉన్నా తిప్పలు తప్పేవి కావు. తర్వాత స్కార్నెకియాకు ఎంతో పనికొచ్చిన సెంటర్ డేవిడ్ ఆండ్రూస్, గార్డ్ షాక్ మేసన్ ఇద్దరికీ లీగ్‌లో తొలి అవకాశం దొరికింది కూడా ఆ 2015లోనే, డిగూలియెల్మో చేతి కిందే. ఆ సంగతి కథనాల్లో పెద్దగా కనిపించదు.

బ్రేడీ అంశం వీటన్నిటికీ మించినది. బంతిని అంత త్వరగా వదిలే క్వార్టర్‌బ్యాక్ ఉంటే సగటు లైన్ కూడా మంచి లైన్‌లా కనిపిస్తుంది. అలాగే మంచి లైన్‌కూ చెడ్డ రోజులుంటాయి. 2007లో పేట్రియట్స్ 16 మ్యాచ్‌లూ గెలిచి, 589 పాయింట్లతో అప్పటికి రికార్డు సృష్టించింది. లైన్‌లోని మాట్ లైట్, డాన్ కాపెన్, మాన్‌కిన్స్ ముగ్గురూ లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్ ప్రో బౌల్‌కు ఎంపికయ్యారు. అదే లైన్ సూపర్ బౌల్లో న్యూయార్క్ జెయింట్స్ ముందు నిలవలేకపోయింది. ఐదు సాక్‌లు, 17-14తో ఓటమి.

2018: డ్రాఫ్ట్ తొలి రౌండ్ ఆటగాడు ఒక్కడూ లేని లైన్

కోచ్ విలువను ఎక్కడ కొలవాలన్న ప్రశ్నకు 2018 లైన్ కాస్త గట్టి జవాబిస్తుంది. ఆ ఏడాది సోల్డర్ 4 ఏళ్లకు 6.2 కోట్ల డాలర్ల ఒప్పందంతో జెయింట్స్‌కు వెళ్లిపోయాడు. తొలి రౌండ్‌లో తీసుకున్న ఐజయా విన్ సీజన్ మొదలవకముందే గాయపడ్డాడు. చివరికి మైదానంలో దిగింది ఎవరంటే: శాన్‌ఫ్రాన్సిస్కో వదులుకున్న ఏడో రౌండ్ ఆటగాడు ట్రెంట్ బ్రౌన్, మూడో రౌండ్ జో థూనీ, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని ఆండ్రూస్, నాలుగో రౌండ్ మేసన్, ఐదో రౌండ్ మార్కస్ కానన్. రెండేళ్ల కిందట డెన్వర్ మ్యాచ్ తర్వాత అందరూ దుమ్మెత్తిపోసింది ఈ కానన్‌నే. 2016 సీజన్ ముగిసేసరికి అతను ఆ ఏడాది మేటి ఆటగాళ్ల ఎంపిక అయిన ఆల్-ప్రో రెండో జట్టులో ఉన్నాడు.

ప్లేఆఫ్స్‌లో ఈ ఐదుగురు చార్జర్స్ మీద ఒక్క సాక్ కూడా ఇవ్వలేదు. ఆ సీజన్‌లో 52 సాక్‌లతో లీగ్‌లో అగ్రస్థానం పంచుకున్న కాన్సస్ సిటీ సొంత మైదానంలో, బ్రేడీ 46 సార్లు బంతి విసిరిన మ్యాచ్‌లోనూ ఇవ్వలేదు. సూపర్ బౌల్లో ఎదురైంది సీజన్‌లో ఇరవై సాక్‌లు దాటిన రామ్స్ ఆటగాడు ఆరన్ డొనాల్డ్. అతనికీ ఒక్కటి దక్కలేదు. రామ్స్ మొత్తానికి చేయగలిగింది ఒక్క సాక్, స్కోరు 13-3.

మార్కెట్ ఈ ప్రతిభను ఆటగాళ్ల ఖాతాలో వేసింది. మరుసటి సీజన్‌కు ముందు బ్రౌన్‌కు రెయిడర్స్ 4 ఏళ్లకు 6.6 కోట్ల డాలర్లు ఇచ్చింది. సోల్డర్‌కు జెయింట్స్‌లో గానీ, బ్రౌన్‌కు రెయిడర్స్‌లో గానీ న్యూ ఇంగ్లండ్‌లో ఆడిన తీరు కుదరలేదు. బ్రౌన్ 2021లో తిరిగి పేట్రియట్స్‌కే వచ్చాడు. అలాగని ప్రతివాడూ కోచ్ నీడలోనే రాణించాడనడం కూడా పొరపాటే. థూనీ 2021లో 8 కోట్ల డాలర్లకు కాన్సస్ సిటీ వెళ్లి అక్కడా అంతే దిట్టంగా ఆడాడు.

ఈ కెరీర్‌లో అందరికన్నా విడ్డూరమైన ఆటగాడు మాత్రం స్టీఫెన్ నీల్. 1999లో ప్రపంచ రెజ్లింగ్ చాంపియన్. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడనే లేదు. 2001లో పేట్రియట్స్ తీసుకోవడం, వదిలేయడం, మళ్లీ తెచ్చుకోవడం అయ్యాక, 2004 టైటిల్ జట్టులో గార్డుగా స్థిరపడి 2010 దాకా ఆడాడు. ఎదుటివాడి పట్టు, నడుము ఎత్తు, కాళ్ల బలం అతనికి ముందే వచ్చు. నేర్పాల్సింది ఆట. ఇదే దారిలో, ఫిలడెల్ఫియాలో లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ ఆటగాడు జోర్డాన్ మైలాటాను 2018 ఏడో రౌండ్‌లో తీసుకున్నాక లెఫ్ట్ టాకిల్‌గా తీర్చిదిద్దారు.

పై మెట్టు ఎందుకు ఎక్కలేదు?

లైన్ కోచ్‌లు హెడ్ కోచ్‌లైన సందర్భాలున్నాయి, సాగినవి తక్కువ. వాషింగ్టన్‌లో “హాగ్స్” పేరుతో ప్రసిద్ధమైన లైన్‌ను కట్టిన జో బూగెల్, అరిజోనా హెడ్ కోచ్‌గా నాలుగేళ్లలో 20 గెలిచి 44 ఓడారు. ఆటగాడిగా హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న మైక్ మన్చాక్ టెనెసీలో మూడేళ్లు నడిపి మళ్లీ లైన్ కోచింగ్‌కే వచ్చేశారు. బిల్ కాలహన్ తొలి ఏడాదే రెయిడర్స్‌ను సూపర్ బౌల్‌కు తీసుకెళ్లారు, మరుసటి ఏడాది పదవి పోయింది, చివరికి ఆయనా లైన్‌కే తిరిగొచ్చారు. ఐదుగురిని ఒక్కటిగా నడిపే నైపుణ్యం, 53 మంది జట్టునూ మీడియానూ యజమానినీ సంభాళించే నైపుణ్యం వేర్వేరు.

పొజిషన్ కోచ్‌గా మిగిలిపోవడం అందరికీ ఇష్టంతో జరిగేదీ కాదు. రన్నింగ్ బ్యాక్ కోచ్‌ల్లో నల్లజాతి వారు ఎక్కువ, అక్కడి నుంచి హెడ్ కోచ్ పదవికి చేరినవారు తక్కువ. మైనారిటీ అభ్యర్థులను ఇంటర్వ్యూ చేసి తీరాలన్న రూనీ నిబంధన 2003లో వచ్చింది, అయినా ఆ దారి ఇరుకుగానే ఉంది. ఆరో రౌండ్‌లో వచ్చిన టెరెల్ డేవిస్‌తో 1998లో 2,008 గజాలు పరిగెత్తించిన రన్నింగ్ బ్యాక్ కోచ్ బాబీ టర్నర్ దశాబ్దాల తరబడి అదే కొలువులో ఉన్నారు. హెడ్ కోచ్ మైక్ షానహన్‌తో మొదలుపెట్టి ఆయన కొడుకు కైల్ దగ్గరిదాకా ఆ కుటుంబం వెంటే నడిచారు. స్కార్నెకియాది ఊరు మారకుండా దొరలు మారిన కెరీర్, టర్నర్‌ది దొరలు మారకుండా ఊళ్లు మారిన కెరీర్.

గుర్తింపు విషయంలో ఇద్దరిదీ ఒకే పరిస్థితి. ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కోచ్ అంటే ఇప్పటికీ హెడ్ కోచే. అసిస్టెంట్ల కోసం 2022 నుంచి విడిగా పురస్కారాలు ఇస్తున్నారు గానీ, అది విగ్రహం పెట్టే సభ్యత్వం కాదు. పేట్రియట్స్ మాత్రం 2023లో స్కార్నెకియాను తమ సొంత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది.

ఆయన తర్వాత

2020లో స్కార్నెకియా, బ్రేడీ ఒకేసారి వెళ్లిపోవడంతో ఎవరి లోటు ఎంతో విడదీసి చెప్పడం కుదరదు. లైన్ కోచ్ కుర్చీ మాత్రం నిలకడగా లేదు. తొలి రెండేళ్లు ఆయన దగ్గరే పనిచేసిన వర్గం నెట్టుకొచ్చింది. 2022లో డిఫెన్స్‌లో పేరు తెచ్చుకున్న మాట్ పాట్రీషియాకు లైన్‌తో పాటు మ్యాచ్‌లో ఏ ఎత్తు వేయాలో చెప్పే బాధ్యత కూడా అప్పగించారు, అఫెన్స్ గాడి తప్పింది. 2023లో ఏడ్రియన్ క్లెమ్ వచ్చారు. ఈయన 2000లో పేట్రియట్స్ రెండో రౌండ్‌లో తీసుకున్న లైన్‌మన్, అంటే స్కార్నెకియా శిక్షణలో పెరిగినవాడే. అనారోగ్యంతో సీజన్ మధ్యలోనే సెలవు పెట్టాల్సి వచ్చింది. 2024లో బెలిచిక్ వెళ్లి జెరాడ్ మేయో వచ్చారు, లైన్‌కు స్కాట్ పీటర్స్. ఏడాదికే మేయో పోయి మైక్ వ్రేబెల్ వచ్చారు, పీటర్స్ స్థానంలో డగ్ మరోన్.